సైనికుడి భార్యకు ముసలితనంలో ఫ్యామిలీ పెన్షన్: పేరు రికార్డుల్లో లేకపోతే ఎక్కడ మొదలుపెట్టాలి?

మేనకోడలు
అందరికీ నమస్కారం. మా మేనత్త గురించి అడుగుతున్నాను. ఉన్న సంగతులు ఉన్నట్టు రాస్తాను.

మామయ్య మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో సాపర్ (జవాను). 1962లో చేరారు, 1979లో పెన్షన్‌తో వచ్చేశారు. మొదటి భార్య 1978లో ఊళ్లోనే చనిపోయింది. ఆమె మరణం పంచాయతీలో ఎవరూ నమోదు చేయించలేదు. 1980లో మా అత్తను గుళ్లో పెళ్లి చేసుకున్నారు, రిజిస్ట్రేషన్ లేదు. 2006 మార్చిలో మామయ్య పోయారు. అప్పుడు బ్యాంకుకు వెళ్తే "పీపీవోలో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వులో) నీ పేరు లేదమ్మా" అని పెన్షన్ ఆపేసి పంపేశారు. అత్త మళ్లీ ఎక్కడా అడగలేదు.

ఆధార్‌లో ఆమె పుట్టిన తేదీ 01-01-1953. ఆమెకు పిల్లల్లేరు. మొదటి భార్య కొడుక్కి 52 ఏళ్లు, ఎక్కడ సంతకం పెట్టమన్నా పెడతాడు.

చేతిలో ఉన్నవి: చెదలు తిన్న డిశ్చార్జ్ బుక్ (నంబరున్న చోట సగం పోయింది), రెండు మెడల్స్, పాత బ్యాంకు పాస్‌బుక్, భార్యాభర్తలిద్దరి పేర్లున్న పాత రేషన్ కార్డు, మామయ్య మరణ ధ్రువపత్రం. ఇరవై ఏళ్లు గడిచాక ఆమెకు హక్కు ఉంటుందా? ఉంటే ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి?

పాత రికార్డ్స్ క్లర్క్
హక్కు ఉందమ్మా. ఆలస్యమైతే బకాయిలు తగ్గొచ్చు గానీ పెన్షన్ హక్కు పోదు.

మూడు విషయాలు చూడాలి. ఒకటి, ఆయన పెన్షన్ మీద వచ్చారా? జవాన్లకు సర్వీస్ పెన్షన్ రావాలంటే 15 ఏళ్లు చేయాలి, ఆయన 17 చేశారు. రెండు, రిటైరైన తర్వాత చేసుకున్న పెళ్లి లెక్కకొస్తుందా? వస్తుంది. ఒకప్పుడు రిటైర్మెంట్‌కు ముందు చేసుకున్న భార్యనే కుటుంబంగా చూసేవారు. 1989లో భగవంతి కేసులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. ఇప్పటికీ కొన్ని కౌంటర్లలో "డిశ్చార్జ్ తర్వాత పెళ్లి కదా, రాదు" అంటారు. ఆ మాట నమ్మి వెనక్కి రావద్దు. మూడు, ఇది రెండో పెళ్లి. 1980 నాటికి మొదటి భార్య బతికి లేదు కాబట్టి పెళ్లి చెల్లుతుంది. చిక్కంతా దాన్ని కాగితం మీద చూపించడంలోనే.

రికార్డ్స్‌లో, అంటే సైనికుల సర్వీసు వివరాలు ఉంచే ఆఫీసులో, భార్యగా ఇప్పటికీ మొదటావిడ పేరే ఉంటుంది. మీ అత్త దరఖాస్తు వెళ్లగానే అక్కడి క్లర్క్ "పార్ట్ టూ ఆర్డర్‌లో వేరే పేరుంది" అని తిప్పి పంపుతాడు. పార్ట్ టూ ఆర్డర్ అంటే కుటుంబ వివరాలు ఎక్కించే ఉత్తర్వు. అతని తప్పు కాదు, అతని ముందున్న షీట్ రోల్ (సైనికుడి సర్వీసు రికార్డు) అదే చెబుతుంది. కాబట్టి మొదటి భార్య 1978 మరణ ధ్రువపత్రం చేతికి రాకుండా బెంగళూరులోని ఆ రికార్డ్స్ ఆఫీసుకు ఏ కాగితమూ పంపకండి. ఒకసారి అబ్జర్వేషన్‌తో (అభ్యంతరంతో) వెనక్కొచ్చిన ఫైలు మళ్లీ మొదటి నుంచి తిరుగుతుంది.

ఆర్మీ నంబరు సంగతి. మెడల్ అంచు మీద, అంటే నాణేనికి గీతలుండే పక్క భాగంలో, నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ చెక్కి ఉంటాయి. మెత్తటి గుడ్డతో తుడిచి, పక్క నుంచి టార్చ్ వేసి చదవండి. చింతపండుతో తోమొద్దు, అక్షరాలు అరిగిపోతాయి.

సుబేదార్ (రిటైర్డ్)
క్లర్క్ సాబ్ చెప్పింది కరెక్ట్. నంబరు దొరికే చోట్లు ఇంకొన్ని ఉన్నాయి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో రిజిస్టర్ చూడమనండి. పెన్షన్ మీద వచ్చినవాళ్లు ఉద్యోగం కోసమో, పిల్లల చదువు సాయం కోసమో అక్కడ పేరు రాయించుకుని ఉంటారు. కొత్త జిల్లాలు వచ్చాక పాత రిజిస్టర్లు ఉమ్మడి జిల్లా కేంద్రంలోనే ఉండిపోయిన సందర్భాలున్నాయి, అక్కడా అడగండి. మాజీ సైనికుడిగా ప్రభుత్వ భూమి పట్టా తీసుకుని ఉంటే తహసీల్దారు ఆఫీసులోని ఆ ఫైల్లో డిశ్చార్జ్ బుక్ నకలు ఉంటుంది. ఈ సంగతి చాలామందికి తట్టదు.

పాస్‌బుక్ జాగ్రత్త. పీపీవో నంబరు మొదటి పేజీలో రాసి ఉండే అవకాశం ఉంది. ఆ కాలపు జవాన్ల సర్వీస్ పెన్షన్ పీపీవో నంబర్లు ఎస్ అక్షరంతో మొదలై, గీత తర్వాత అంకెలు, చివర సంవత్సరంతో ఉంటాయి. అలాంటిది కనబడితే సగం పని అయినట్టే.

ఏ రెజిమెంటు వాళ్లు ఎక్కడికి రాయాలో ఇక్కడ చూసేవాళ్ల కోసం చెబుతున్నా: మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ రికార్డ్స్ బెంగళూరు, మద్రాస్ రెజిమెంట్ వెల్లింగ్టన్, ఆర్టిలరీ నాసిక్ రోడ్, సిగ్నల్స్ జబల్‌పూర్, ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్స్), ఏవోసీ (ఆర్డనెన్స్ కోర్) రెండూ సికింద్రాబాద్, డీఎస్సీ (డిఫెన్స్ సెక్యూరిటీ కోర్) కన్నూర్, మెడికల్ కోర్ లక్నో. ఊళ్లో "మిలిటరీలో చేశాడు" అన్న మాట ఒక్కటే మిగిలితే ముందు ఏ కోర్ అన్నది తేలాలి. పాత ఫొటోలో టోపీ బ్యాడ్జ్ చూస్తే తెలిసినవాళ్లు చెప్పేస్తారు.

తూర్పుగాలి
ఇంత తిరుగుడు ఎందుకండీ? కోర్టులో వారసత్వ సర్టిఫికెట్ తెచ్చుకుని బ్యాంకులో ఇస్తే సరిపోదా? మామయ్య వీలునామా రాసి ఉంటే ఇంకా తేలిక కదా?

కోర్టు మెట్లు
తూర్పుగాలి గారూ, ఈ ఒక్క పొరపాటుతో చాలామంది ఏడాది, రెండేళ్లు పోగొట్టుకుంటున్నారు. ఫ్యామిలీ పెన్షన్ చనిపోయినాయన ఆస్తి కాదు. నిబంధనలు నేరుగా భార్యకిచ్చిన హక్కు అది. వీలునామాలో ఇంకొకరికి రాసినా చెల్లదని 1991లోనే వయొలెట్ ఐజాక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సక్సెషన్ సర్టిఫికెట్ అప్పులు, డిపాజిట్లు వసూలు చేసుకోవడానికి పనికొస్తుంది. ఆమె ఆయన భార్య అని అది తేల్చదు. రికార్డ్స్‌కు కావలసింది ఆ తేల్చడమే.

వాళ్లు కాగితాలతో తృప్తి పడకపోతే వేయాల్సింది డిక్లరేషన్ దావా, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 34 కింద, "ఫలానా వారి చట్టబద్ధమైన భార్యను" అని. ఇందులో జరిగే పెద్ద పొరపాటు: ఇంట్లోవాళ్లనే ప్రతివాదులుగా పెట్టి, వాళ్లు ఒప్పుకున్నట్టు డిక్రీ తెచ్చుకుంటారు. "మేం పార్టీ కాదు" అని రికార్డ్స్ దాన్ని పక్కన పెడుతుంది. భారత ప్రభుత్వాన్నీ రికార్డ్స్ ఆఫీసునూ తప్పక ప్రతివాదులుగా చేర్చాలి. అందుకు ముందుగా సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద నోటీసిచ్చి రెండు నెలలు ఆగాలి.

అయితే దావా ఆఖరి మెట్టు. ముందే ఎక్కొద్దు. కాగితాలు గట్టిగా ఉంటే చాలా కేసులు అక్కడి దాకా రావు.

పంచాయతీ పని
1978 మరణం నమోదు గురించి నేను చెబుతాను. జనన మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చింది కాబట్టి అప్పటి మరణం ఇప్పుడైనా నమోదు చేయించవచ్చు. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. మునుపు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ ఇచ్చేవారు. చట్ట సవరణ 2023 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చాక జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్, లేదా కలెక్టర్ అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఇస్తున్నారు. మనకు అది ఆర్డీవో ఆఫీసు.

మొదట పంచాయతీ కార్యదర్శి దగ్గర "మా రిజిస్టర్లో ఈ మరణం నమోదు కాలేదు" అన్న పత్రం తీసుకోవాలి. దాన్నే లభ్యం కాలేదన్న సర్టిఫికెట్ అంటారు. తర్వాత మీసేవలో గానీ సచివాలయంలో గానీ ఆలస్య నమోదుకు దరఖాస్తు. దాంతో అఫిడవిట్, చనిపోయినావిడ కొడుకు ఆధార్, ఊళ్లో ఆ మరణం తెలిసిన ఇద్దరి వాంగ్మూలం. దరఖాస్తు కొడుకు పేరు మీద పెట్టించండి, మీ అత్త పేరు మీద కాదు. కన్న కొడుకే అడిగితే విచారణలో ప్రశ్నలు తక్కువ వస్తాయి. పైగా పెన్షన్ కోసం రెండో భార్యే సృష్టించిందన్న అనుమానానికి చోటుండదు.

తహసీల్దారు ద్వారా వీఆర్వో విచారణ జరుగుతుంది. ఇక్కడ నెలలు జారిపోతాయి. ఫైలు ఏ టేబుల్ మీద ఉందో వారం వారం కనుక్కోండి. మరణించిన తేదీ రోజుతో సహా కావాలి. "1978 వేసవిలో" అంటే కుదరదు. సమాధి రాయి ఉందేమో చూడండి, లేదా కర్మ చేయించిన పురోహితుడి పుస్తకంలో తిథి దొరికితే పంచాంగం చూసి తేదీ తీయవచ్చు. కొడుకు బడి రికార్డులో తల్లి లేదన్న మాట, చేర్చిన సంవత్సరం ఉంటే అదీ జతచేయండి.

మేనకోడలు
చాలా కృతజ్ఞతలు. మెడల్ అంచు మీద నంబరు మొత్తం కనిపించింది. సమాధి లేదు గానీ ఏటా ఆబ్దికం పెడతారు కాబట్టి తిథి ఇంట్లోవాళ్లకు తెలుసు.

ఇంకో చిక్కుంది. అత్త పేరు రేషన్ కార్డులో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, బ్యాంకులో మరోలా ఉంది. ఒకచోట పుట్టింటి ఇంటిపేరు, ఒకచోట అత్తింటిది, ఇంకోచోట ఇంటిపేరే లేదు. మామయ్య పేరు కూడా డిశ్చార్జ్ బుక్‌లో ఇంటిపేరు చివర ఉంది, మరణ ధ్రువపత్రంలో మొదట ఉంది.

పాత రికార్డ్స్ క్లర్క్
మన తెలుగువాళ్ల ఫైళ్లన్నిటికీ ఇదే జబ్బు. భర్తీ ఆఫీసులో రాసుకున్నవాడికి తెలుగు రాదు, ఇంటిపేరు ముందుంటుందని తెలియదు. అతను విన్నట్టు రాసేశాడు. ఆ రాతే నలభై ఏళ్ల తర్వాత అడ్డొస్తుంది.

సూత్రం ఒకటే: ఆయన పేరు డిశ్చార్జ్ బుక్‌లో ఏ అక్షరాలతో ఉందో ప్రతి కాగితంలోనూ ఆ రాతే అసలు పేరు. తప్పుగా ఉన్నా సరే, దాన్ని దిద్దించే ప్రయత్నం చేయకండి. మరణ ధ్రువపత్రంలో తేడా ఉంటే పంచాయతీలో దిద్దించండి. అది కుదరకపోతే తహసీల్దారు ఇచ్చే "ఇద్దరూ ఒక్కరే" ధ్రువపత్రం పెట్టండి. అందులో ఆర్మీ నంబరు రాయించడం మరవొద్దు. నంబరు లేకుండా రెండు పేర్లు ఒకటే అన్న కాగితానికి రికార్డ్స్‌లో విలువ తక్కువ.

మీ అత్త విషయం వేరు. ఆమె పేరు రికార్డ్స్‌లోకి ఇప్పుడే వెళ్తోంది, అంటే మనం ఇచ్చిన రాతే అక్కడ నిలుస్తుంది. కాబట్టి ముందు ఆధార్ సరిచేయించి, పాన్, బ్యాంకు ఖాతా రెండూ అక్షరం తేడా లేకుండా దానికి సరిపెట్టండి. తర్వాతే దరఖాస్తు. స్పర్శ్‌లో (రక్షణ శాఖ పెన్షన్లు చెల్లించే ఆన్‌లైన్ వ్యవస్థలో) పేరు పొసగకపోతే పెన్షన్ మంజూరైనా డబ్బు ఖాతాలో పడదు.

పుట్టిన తేదీ కూడా ఇప్పుడే చూసుకోండి. జనవరి 1 అని ఉందంటే ఆధార్ తీసినవాళ్లు ఏడాది అడిగి వేసేశారన్న మాట. నిజంగా ఆమె 1950లో పుట్టి ఉంటే, ఆధారం చూపగలిగితే, ఇప్పుడే దిద్దించండి. 80 ఏళ్లు నిండినప్పుడు వచ్చే అదనపు పెన్షన్ ఈ తేదీ మీదే ఆధారపడుతుంది. ఒకసారి పీపీవోలో ఎక్కాక మార్చడం చాలా కష్టం. ఆధారం లేకపోతే మాత్రం ఉన్నదాన్ని ఉంచేయండి. వయసు పెంచి దిద్దించాలని చూస్తే మొత్తం ఫైలు మీదే అనుమానం వస్తుంది.

సుబేదార్ (రిటైర్డ్)
దరఖాస్తులో పెట్టాల్సినవి, నా లెక్కలో:

ఆమె స్వయంగా సంతకం లేదా వేలిముద్ర వేసిన దరఖాస్తు (వేలిముద్రయితే ఇద్దరు సాక్షుల సంతకాలు), ఆయన మరణ ధ్రువపత్రం, మొదటి భార్య మరణ ధ్రువపత్రం, డిశ్చార్జ్ బుక్ అన్ని పేజీల నకళ్లు, పీపీవో దొరికితే అది, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పాత రేషన్ కార్డు, ఇద్దరూ ఒకే ఇంటి నంబరులో ఉన్న పాత ఓటర్ల జాబితా పేజీ, ఆధార్, పాన్, ఆమె ఒక్కరి పేరు మీదున్న పాస్‌బుక్ మొదటి పేజీ, ఫొటోలు. మళ్లీ పెళ్లి చేసుకోలేదన్న ధ్రువీకరణ. మొదటి భార్య కొడుకు అఫిడవిట్. అతనికి 25 దాటింది కాబట్టి పెన్షన్‌లో వాటా రాదు, అతని అనుమతీ చట్టప్రకారం అక్కర్లేదు. కానీ "మా అమ్మ ఫలానా తేదీన పోయింది, నాన్న ఈమెను పెళ్లి చేసుకున్నారు" అని కన్న కొడుకు ప్రమాణం చేస్తే అంతకు మించిన సాక్ష్యం ఉండదు.

పెళ్లి అఫిడవిట్ నోటరీ దగ్గర కాకుండా ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ ముందు చేయించండి. నోటరీది పెడితే తిప్పి పంపడం మామూలే.

మొత్తం రెండు సెట్లు చేసి జిల్లా సైనిక సంక్షేమ అధికారి దగ్గరికి తీసుకెళ్లండి. ఆయన అసలు కాగితాలు చూసి, సిఫారసు ఉత్తరంతో రికార్డ్స్‌కు పంపుతారు. నేరుగా పోస్టు చేసినా తీసుకుంటారు గానీ, ఆ కవరింగ్ లెటర్ ఉన్న ఫైలుకు జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. ఆ ఉత్తరం నంబరు, తేదీ రాసుకోండి. తర్వాత ఎక్కడ అడిగినా మొదటి ప్రశ్న అదే. అసలు డిశ్చార్జ్ బుక్ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి, సైనిక సంక్షేమ ఆఫీసులో చూపించి వెనక్కి తెచ్చుకోండి.

స్పర్శ్ కౌంటర్
ఆ తర్వాత ఏమవుతుందో ఇక్కడ నుంచి చెబుతాను. కాగితాలు బాగున్నాయనుకుంటే రికార్డ్స్ పార్ట్ టూ ఆర్డర్ వేసి ఆమెను భార్యగా ఎక్కిస్తుంది. తర్వాత క్లెయిమ్ ప్రయాగ్‌రాజ్‌లోని పీసీడీఏ పెన్షన్స్‌కు, అంటే రక్షణ పెన్షన్లు మంజూరు చేసే ఆఫీసుకు, వెళ్తుంది. అక్కడ ఫ్యామిలీ పెన్షన్ పీపీవో పుడుతుంది. ఇప్పుడు చెల్లింపు బ్యాంకు చేతిలో లేదు, స్పర్శ్ నుంచి నేరుగా ఖాతాకు వస్తుంది. అందుకే పాత బ్యాంకు మేనేజర్‌ను బతిమాలి లాభం లేదు. మామయ్య 2006లోనే పోయారు కాబట్టి స్పర్శ్‌లో ఆయన పేరే ఉండదు, ఆన్‌లైన్‌లో మీరు మొదలుపెట్టడానికేమీ దొరకదు. "స్పర్శ్‌లో లేదు" అంటే "పెన్షన్ లేదు" అని అర్థం కాదు. మొదలు రికార్డ్స్ నుంచే.

బ్యాంకు నుంచి ఒక్కటి మాత్రం తెచ్చుకోండి: ఆఖరి పెన్షన్ ఏ తేదీ వరకూ జమైంది, ఎంత అన్న ఉత్తరం. మరణం తర్వాత పొరపాటున ఒకటి రెండు నెలలు జమై ఉంటే బకాయిల్లోంచి కోస్తారు. ఆ సంగతి ముందే తెలిస్తే తర్వాత కంగారుండదు.

మొబైల్ నంబరు విషయంలో జాగ్రత్త. ఓటీపీలన్నీ దానికే వస్తాయి. ఆమె పేరు మీదున్న సిమ్, ఆమె ఇంట్లోనే ఉండే ఫోన్ ఇవ్వండి. సాయం చేసిన కుర్రాడి నంబరు ఇచ్చేసి, అతను హైదరాబాద్ వెళ్లిపోయాక లైఫ్ సర్టిఫికెట్ ఆగి పెన్షన్ నిలిచిపోవడం ఎక్కువగా చూసే సమస్య.

మేనకోడలు
ఎంత వస్తుందో, వెనకటిది ఇస్తారో ఇవ్వరో కూడా చెప్పగలరా? ఆమెకు ఆశ పెట్టి తర్వాత నిరాశ పరచడం ఇష్టం లేదు.

పాత రికార్డ్స్ క్లర్క్
మామూలు ఫ్యామిలీ పెన్షన్ ఆఖరి జీతంలో 30 శాతం. పాతవాళ్ల జీతాలు చిన్నవి కాబట్టి కనీస మొత్తం కాపాడుతుంది: 2016 జనవరి 1 నుంచి కనీసం నెలకు 9,000, దాని మీద డీఆర్ (పెన్షనర్ల కరువు భత్యం). 2025 జూలై నాటి 58 శాతం డీఆర్‌తో అది 14,220 అయ్యేది. వన్ ర్యాంక్ వన్ పెన్షన్ పట్టికలో ఆయన ర్యాంకుకూ సర్వీసుకూ ఇంతకంటే ఎక్కువుంటే అదే ఇస్తారు. ఆమెకు కనీస మొత్తమే చెప్పండి, ఎక్కువొస్తే సంతోషం.

ఇంకోటి. పెన్షనర్ పోయిన మొదట్లో హెచ్చు రేటు ఉంటుంది: ఏడేళ్లు, లేదా ఆయన బతికి ఉంటే 67 నిండే తేదీ, ఏది ముందైతే అంతవరకూ. ఇక్కడ ఆ కాలం ఎప్పుడో దాటిపోయింది గానీ, బకాయిలు మొదటి నుంచీ మంజూరైతే ఆ కాలానికి ఆ రేటే లెక్కించాలి. లెక్క పత్రం వచ్చాక చూసుకోండి.

80 నిండితే 20 శాతం, 85కి 30, 90కి 40, 95కి 50, నూరేళ్లకు నూరు శాతం అదనం. ఇది ఆమె వయసును బట్టి, ఆయనది కాదు. కనీస పెన్షన్ మీద 80 నిండిన ఆమెకు 10,800, పై డీఆర్‌తో 17,064. ఇక్కడ చదివేవాళ్ల ఇళ్లల్లో 80 దాటిన సైనిక వితంతువులుంటే ఇవాళే వాళ్ల పీపీవో తీసి పుట్టిన తేదీ గడి చూడండి. అది ఖాళీగా ఉండటం వల్లే ఏళ్ల తరబడి ఈ అదనం అందని తల్లులున్నారు.

కోర్టు మెట్లు
బకాయిలు. హక్కు భర్త పోయిన మరునాటి నుంచే మొదలవుతుంది, దరఖాస్తులోనూ ఆ తేదీ నుంచే అడగండి. మూడేళ్లకే ఇవ్వమని మీ అంతట మీరు రాసివ్వకండి. కానీ వ్యవహారం కోర్టుకెక్కితే, పెన్షన్ లాంటి నెలనెలా సాగే హక్కులో ఆలస్యం వల్ల కేసు పోదు గానీ బకాయిలు సాధారణంగా కేసు వేయడానికి ముందు మూడేళ్లకే పరిమితం. 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇది. కాబట్టి ఆమెతో మూడేళ్ల లెక్కే చెప్పడం మంచిది.

రికార్డ్స్ ఏమీ తేల్చకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. "నా దరఖాస్తు ఏమైంది" అని అడిగితే "పరిశీలనలో ఉంది" అని ఒక్క ముక్క వస్తుంది. అలా కాకుండా, భర్త షీట్ రోల్‌లో కుటుంబ వివరాలున్న పేజీ నకలు, పీపీవో నకలు, తన దరఖాస్తు మీద ఫైల్లో రాసిన నోట్స్ నకలు అడగండి. భార్యగా తన గుర్తింపు పత్రం జతచేయాలి, లేదంటే వ్యక్తిగత సమాచారమని తిరస్కరిస్తారు.

కారణాలతో తిరస్కరిస్తే అది మంచిదే. ఆ కాగితంతో సాయుధ బలగాల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఆంధ్ర, తెలంగాణలు చెన్నై బెంచ్ కిందికి వస్తాయి. గడువు ఆరు నెలలు, దాటితే ఆలస్యం మన్నించమని పిటిషన్ జతచేయాలి. లాయర్ ఫీజుకు భయపడొద్దు. న్యాయ సేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సాయం ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోని సంస్థలో దరఖాస్తు పెడితే లాయర్ను ఇస్తారు.

పల్లె టీచర్
మా ఊళ్లో ఒక పెద్దావిడ ఉన్నారు, 72 ఏళ్లు. భర్త ఆర్మీలో ఏడేళ్లు చేసి, ఇంటి పరిస్థితుల వల్ల సొంతంగా అడిగి వచ్చేశాడు. చనిపోయి పదేళ్లు. ఆమెకూ ఇదే దారేనా?

సుబేదార్ (రిటైర్డ్)
కాదండీ. ఏడేళ్లకు సొంతంగా వచ్చేస్తే ఆయనకు పెన్షన్ లేదు, కాబట్టి ఆమెకు ఫ్యామిలీ పెన్షన్ రాదు. మెడికల్ బోర్డు మీద బయటికొచ్చాడా అన్నది మాత్రం డిశ్చార్జ్ బుక్‌లో కారణం గడి చూసి నిర్ధారించుకోండి. గాయమో జబ్బో అయితే కథ వేరు.

సొంతంగానే వచ్చి ఉంటే కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే పెన్యూరీ గ్రాంట్ ఉంది. పెన్షన్ లేని, హవల్దార్, అంతకంటే కింది ర్యాంకుల మాజీ సైనికులకూ వాళ్ల వితంతువులకూ 65 దాటితే ఇస్తారు. నెలకు 4,000 ఉండేది, 2025 నవంబర్ 1 నుంచి పెట్టిన దరఖాస్తులకు 8,000 చేశారు. జీవితాంతం. దరఖాస్తు బోర్డు వెబ్‌సైటులో, జిల్లా సైనిక సంక్షేమ అధికారి సిఫారసుతో. ముందు ఆమెకు వితంతువు గుర్తింపు కార్డు ఉండాలి, అదీ ఆ ఆఫీసులోనే. ఆలస్యం చేయొద్దు, పెన్షన్ లేనివాళ్ల షీట్ రోల్స్ రికార్డ్స్‌లో 25 ఏళ్ల తర్వాత తీసేస్తారు. ఆమె దగ్గరున్న డిశ్చార్జ్ బుక్కే ఆఖరి సాక్ష్యం కావచ్చు. అదీ పోయి ఉంటే లాంగ్ రోల్ చూడమని రాయండి, పేరు, నంబరు, చేరిన, వెళ్లిన తేదీలు అందులో మిగిలి ఉంటాయి.

తూర్పుగాలి
నా ముందు ప్రశ్నకు సరిదిద్దినందుకు థాంక్స్ అండీ. ఇంకొకటి. మాజీ సైనికుడు తర్వాత బ్యాంకులోనో, ప్రభుత్వ ఆఫీసులోనో చేసి, అక్కడి ఫ్యామిలీ పెన్షన్ భార్యకు వస్తూ ఉంటే, మిలిటరీది వదులుకోవాల్సిందేనా?

పాత రికార్డ్స్ క్లర్క్
అక్కర్లేదు. ఒకప్పుడు రెండింటిలో ఒకటే ఎంచుకోమనేవారు. 2012 సెప్టెంబర్ 24 నుంచి రెండూ తీసుకోవచ్చు. అంతకుముందే భర్త పోయినవాళ్లకూ ఆ తేదీ నుంచి వర్తిస్తుంది. అప్పట్లో సివిల్ పెన్షన్ ఎంచుకుని మిలిటరీది వదిలేసినవాళ్లు ఇప్పుడైనా రికార్డ్స్‌కు రాయాలి. మేనకోడలు గారూ, మీ మామయ్య పెన్షన్ మీద వచ్చాక ఎక్కడైనా ఉద్యోగం చేశారా?

మేనకోడలు
లేదండీ, వ్యవసాయమే. ఒక ఏజెంటు వచ్చి బకాయిల్లో మూడో వంతు ఇస్తే తానే అంతా చూసుకుంటానన్నాడు. అత్త కాస్త మొగ్గుతోంది.

సుబేదార్ (రిటైర్డ్)
వద్దని గట్టిగా చెప్పండమ్మా. సైనిక సంక్షేమ ఆఫీసులో పైసా తీసుకోరు. అతను చేసేదీ ఇక్కడ చెప్పినదే. పైగా ఖాళీ కాగితాల మీద వేలిముద్రలు, ఏటీఎం కార్డు అడుగుతారు. బకాయి మొత్తం ఒకేసారి పడుతుంది, ఆ రోజు కార్డు ఎవరి దగ్గరుంటే డబ్బు వాళ్లదే. ఇప్పటికే ఏమైనా సంతకం పెట్టించుకున్నాడేమో కనుక్కోండి.

స్పర్శ్ కౌంటర్
పెన్షన్ మొదలయ్యాక మర్చిపోకూడనిది లైఫ్ సర్టిఫికెట్. ఆమె చేతి రేఖలు అరిగిపోయి ఉంటే వేలిముద్ర యంత్రం తీసుకోదు, ముఖం చూపించి చేసే జీవన్ ప్రమాణ్ వాడండి, ఫోన్‌లోనే అవుతుంది. మంజూరు చేసే అధికారి దగ్గర డిఫెన్స్ పీసీడీఏ (పి) అలహాబాద్, చెల్లించే సంస్థ దగ్గర స్పర్శ్ పీసీడీఏ (పెన్షన్స్) అలహాబాద్ ఎంచుకోవాలి. పాత అలవాటుగా బ్యాంకు పేరు ఎంచుకుంటే సర్టిఫికెట్ పుడుతుంది గానీ స్పర్శ్‌కు చేరదు, పెన్షన్ ఆగాక గానీ తెలియదు. పీపీవో నంబరు కూడా స్పర్శ్ ఇచ్చిన కొత్త 12 అంకెలదే వేయాలి. బకాయిలకు నామినీ పేరు కూడా అప్పుడే ఎక్కించండి.

మేనకోడలు
ఏజెంటు దగ్గర ఏమీ సంతకం పెట్టలేదట, కనుక్కున్నాను. మొదటి భార్య కొడుకు పేరు మీద సోమవారం పంచాయతీలో దరఖాస్తు పెడుతున్నాం. తిథిని బట్టి తేదీ తీయించాం, 1978 ఏప్రిల్‌లో వచ్చింది. ఆధార్‌లో ఇంటిపేరు దిద్దడానికి కూడా టోకెన్ తీసుకున్నాను.

పంచాయతీ పని
మంచిది. ఒక్క మాట: లభ్యం కాలేదన్న సర్టిఫికెట్‌లో 1978 ఒక్క ఏడాదే కాకుండా 1977 నుంచి 1979 వరకూ రిజిస్టర్లు చూశామని రాయించండి. లేకపోతే ఆర్డీవో ఆఫీసులో "పక్క సంవత్సరంలో ఉందేమో చూశారా" అని వెనక్కి పంపుతారు.

పాత రికార్డ్స్ క్లర్క్
ఆ సర్టిఫికెట్‌లో మొదటావిడ పేరు డిశ్చార్జ్ బుక్‌లో ఉన్న అక్షరాలతోనే రాయించండి. కుటుంబ వివరాల పేజీ చెదలు తినకుండా మిగిలి ఉంటే, వెళ్లేటప్పుడు దాని జిరాక్స్ చేతిలో పెట్టుకెళ్లండి.